రాణి తిరిగొచ్చింది, శాస్త్రవేత్త రాలేదు

కథల్లో దుష్ట స్త్రీ కనిపించినప్పుడల్లా నేను ముందు ఒక ప్రశ్న వేసుకుంటాను. ఈమెకు రచయిత ఏం పని ఇచ్చాడు? మగ విలన్‌కి రాజ్యకాంక్ష ఉంటుంది, సిద్ధాంతం ఉంటుంది. ఆడ విలన్‌కి చాలాసార్లు అసూయో, కాదన్న మగవాడి మీద పగో, కడుపు పండలేదన్న వెలితో అంటగడతారు. శూర్పణఖను ఆ చట్రంలోంచి బయటికి తెచ్చి చూడటం ఓల్గా ‘సమాగమం’ కథ మనకు నేర్పింది. ఆ చట్రంలో మొదటినుంచీ ఇమడని ఒక పాత్ర 1985లో బ్రిటిష్ టెలివిజన్‌లో పుట్టింది. ఆమె పేరు రాణి. అవును, మన భాషల్లోని రాణే.

కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరిగే ‘డాక్టర్’ అనే గ్రహాంతరవాసి కథ ‘డాక్టర్ హూ’. బిబిసి ఈ సీరియల్‌ను 1963 నవంబరు 23న మొదలుపెట్టింది. దాని తొలి నిర్మాత వెరిటీ లాంబర్ట్ అనే స్త్రీ. తొలి కథకు దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. అయినా తెర మీద తెలివంతా డాక్టర్‌దే. పక్కనున్న ఆడపిల్లల వంతు ఎక్కువగా ప్రశ్నలు అడగడం, భయపడి కేకలు పెట్టడం. ఈ సీరియల్‌లో డాక్టర్‌గా ఒక స్త్రీ కనిపించడానికి 2017 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది.

అలాంటి చోటికి రాణి వచ్చింది. ‘ది మార్క్ ఆఫ్ ద రాణి’ కథను పిప్ బేకర్, జేన్ బేకర్ దంపతులు రాశారు. సారా హెల్లింగ్స్ దర్శకత్వం వహించింది. కేట్ ఓమారా రాణిగా నటించింది. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో, కిల్లింగ్‌వర్త్ గని ఊళ్లో, యంత్రాలను పగలగొట్టే లడ్డైట్ల తిరుగుబాటు రోజుల్లో ఆమె ముసలమ్మ వేషంలో స్నానశాల నడుపుతుంటుంది. గనిలోంచి మసితో వచ్చే కార్మికుల మెదళ్ల నుంచి నిద్రకు అవసరమైన రసాయనాన్ని తోడేస్తుంది. నిద్ర పోయిన మనుషులు వెర్రి కోపంతో ఒకరి మీద ఒకరు పడతారు. తను ఏలే గ్రహంలో చేసిన ప్రయోగం అక్కడి వాళ్లకి నిద్ర లేకుండా చేసింది, దాన్ని సరిచేసుకోవడానికి ఆమెకు ఈ రసాయనం కావాలి.

ఆమెను నేను వెనకేసుకు రావడం లేదు. పేదవాళ్ల శరీరాలను ముడిసరుకుగా చూసే విజ్ఞానం ఎంత క్రూరమైనదో మనకు తెలియనిది కాదు. కానీ ఆ క్రూరత్వం ఆమె వృత్తిలోంచి పుట్టింది. డాక్టర్, అతని పాత శత్రువు మాస్టర్ ఒకరితో ఒకరు పంతాలు పోతుంటే, వీళ్లిద్దరూ నా పనికి అడ్డం అని విసుక్కునే స్త్రీ ఆమె. ఆమె కళ్లు ఏ మగవాడి వైపూ లేవు. 1987లో వచ్చిన ‘టైమ్ అండ్ ద రాణి’ బలహీనమైన కథే. అందులోనూ ఆమె ఐన్‌స్టీన్, పాశ్చర్, హైపేషియా వంటి మేధావుల్ని పోగుచేసి ఒక మహా మెదడును తయారుచేసే పనిలో ఉంటుంది.

1989లో సీరియల్ ఆగింది, 2005లో మళ్లీ మొదలైంది. అందులో అంతుపట్టని స్త్రీ పాత్ర ఎవరొచ్చినా, ఈమె రాణేనా అని అభిమానులు అడుగుతూనే ఉన్నారు. ఓమారా 2014లో కన్నుమూసింది. చివరికి 2025 మే 17న, 2023 నుంచి కనిపిస్తున్న మిసెస్ ఫ్లడ్ అనే పొరుగింటి పెద్దావిడే రాణి అని తేలింది. ఆ శరీరం రెండై మరో రాణి పుట్టింది. పాత రాణి అనిటా డాబ్సన్, కొత్త రాణి ఆర్చీ పంజాబీ. మన పేరు పెట్టుకున్న పాత్ర నలభై ఏళ్లకు భారతీయ మూలాలున్న నటికి దక్కిందని నేను సంబరపడ్డాను. ఆ సంబరం పద్నాలుగు రోజులే.

మొదట చేసిందేమిటంటే, ఒకే మేధస్సు గల ఇద్దరు స్త్రీలను యజమానురాలు, పనిమనిషిగా మార్చారు. పెద్దావిడ చాకిరీ చేస్తుంటే చిన్నావిడ హుకుం చేస్తుంది. అయినా మే 24న వచ్చిన ‘విష్ వరల్డ్’ ఆశ కలిగించింది. ఒక ద్వేషపూరితుడైన యువకుడి కోరికతో రాణి ఒక లోకాన్ని సృష్టిస్తుంది. అక్కడ మగవాళ్లు ఆఫీసులకు వెళ్తారు, ఆడవాళ్లు ఇంటిపట్టున ఉంటారు. సందేహపడటమే నేరం. వికలాంగులు ఎవరి కంటికీ ఆనరు, ఊరి బయట గుడారాల్లో బతుకుతారు. నర్సు బెలిండా భార్యగా, తల్లిగా మారిపోతుంది. పితృస్వామ్యపు స్వర్గాన్ని ఇంత సూటిగా చూపిన ఎపిసోడ్లు తక్కువ.

మే 31న వచ్చిన ‘ద రియాలిటీ వార్’లో అంతా తలకిందులైంది. ఇంతకీ రాణికి కావలసిందేమిటి? తన జాతికి సంతాన సామర్థ్యం పోయింది, ఆదిపురుషుడు ఒమేగాను రప్పించి అతని జన్యువులతో జాతిని మళ్లీ పుట్టించాలట! ఎవరి అనుమతీ అక్కర్లేని శాస్త్రవేత్త, వంశాంకురం కోసం మూలపురుషుడి గుమ్మం ముందు నిలబడింది. ఆ ఒమేగా అస్థిపంజర రాక్షసుడై వచ్చి ఆమెను నోట్లో వేసుకుని మింగేశాడు. పెద్ద రాణి తప్పించుకుంది, అంతే.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ తర్వాతిది. కోరికల లోకం కూలిపోయాక కూడా బెలిండా జీవితం తిరగరాయబడుతుంది. ఆమె మొదటినుంచీ ఒక పాపకు తల్లే అని చరిత్రే మారిపోతుంది. ఆ పాత్రధారి వరదా సేతు కేరళలో పుట్టింది. మన మూలాలున్న ఇద్దరు నటీమణులు పోషించిన పాత్రల్లో ఒకామె సంతానం కోసం వెతికి ఆహారమైంది, మరొకామెకు అడగని సంతానం చేతిలో పెట్టారు. ఏ స్వర్గాన్ని వెక్కిరించారో, వారం తిరిగేసరికి దాని తలుపులే తెరిచారు.

విలన్ ఓడిపోవాల్సిందే, దానికి నాకు అభ్యంతరం లేదు. 1985లో రాణి కూడా ఓడింది, కానీ శాస్త్రవేత్తగా ఓడింది. స్త్రీ మేధస్సును భయంకరంగా చూపించడం పాత అన్యాయం. ఆ భయపడటానికి తగినంత మేధస్సు కూడా ఆమెకు మిగల్చకపోవడం కొత్త అన్యాయం.