మోటారు వేగమునకు కళ్లెము



లేతు యంత్రమునందు ఇనుపముక్క తిరుగును, ఉలి నిలిచియుండును. మిల్లింగు యంత్రమునందు దీనికి విపర్యయము. పండ్లుగల కట్టరు తిరుగును. బల్లపై బిగింపబడిన ముక్క దానికెదురుగా మెల్లగా జరుగును. పండ్లచక్రములు, ఇరుసులమీది గాడులు ఇట్లే చెక్కబడును.

ఈ పనికి కట్టరు వేగమే ప్రాణము. ఉక్కును కోయునపుడు వేగము మితిమీరినచో కట్టరు అంచు మాడిపోవును. పెద్ద కట్టరునకు మెల్లని నడక, చిన్నదానికి వడిగల పరుగు కావలయును. ఆ వేగమును మార్చుట యెట్లను ప్రశ్నకు శిల్పులు కాలక్రమమున కనుగొనిన సమాధానములే నేటి ప్రసంగ విషయము.

1862లో అమెరికాయందలి ప్రావిడెన్సు నగరమున జోసెఫ్ బ్రౌన్ సార్వత్రిక మిల్లింగు యంత్రమును నిర్మించెను. ఆనాటి కర్మాగారములలో కప్పుక్రింద పొడవైన ఇరుసొకటి ఆవిరియంత్రముచేతనో జలచక్రముచేతనో తిరుగుచుండెడిది. దానినుండి తోలుబెల్టులు దిగి ఒక్కొక్క యంత్రమును నడిపెడివి. మెట్లుగల కప్పీపై బెల్టును ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు జరుపుటయే వేగము మార్చు మార్గము.

పిమ్మట విద్యుచ్ఛక్తి వచ్చెను. 1888లో నికోలా టెస్లాకు ఇండక్షను మోటారు పేటెంట్లు లభించెను. మరుసటి యేడు జర్మనీలో డొలివో-దొబ్రొవోల్‌స్కీ త్రీఫేజు మోటారును నిర్మించెను. దానికి బ్రష్షులు లేవు, అరుగుదల స్వల్పము. కాని అందొక మొండితనము గలదు. దాని వేగము విద్యుత్ప్రవాహపు ఆవృత్తులకు కట్టుబడి యుండును. మన దేశమున సెకనునకు 50 ఆవృత్తులు. నాలుగు ధ్రువముల మోటారు నిమిషమునకు 1500 చుట్లకు కొంచెము తక్కువగా తిరుగును. అంతకు మెల్లగా తిరుగుమన్నను వినదు.

1891లో వార్డ్ లియొనార్డ్ ఒక ఉపాయము పన్నెను. ఒక మోటారుతో జనరేటరును త్రిప్పి, ఆ జనరేటరుతో డి.సి. మోటారును నడిపి వేగమును వశపరచెను. ఒక పనికి మూడు యంత్రములు! చిన్న పనివానికి అది అందని పండు.

1957లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో థైరిస్టరు పుట్టెను. 1964లో బ్రౌన్ బోవెరీ కంపెనీవారైన షోనుంగ్, స్టెమ్లర్ అనువారలు, ప్రవాహమును సన్నని ముక్కలుగా కోసి మోటారు వేగమును మార్చు విధానమును ప్రకటించిరి. 1968లో డెన్మార్కులోని డాన్‌ఫాస్ కంపెనీ అట్టి డ్రైవులను పెద్దయెత్తున తయారుచేయ మొదలిడెను.

డ్రైవు ఏ.సి.ని డి.సి.గా మార్చి, దానిని సెకనునకు వేలమార్లు తెంచి కలిపి, కోరిన ఆవృత్తులతో త్రీఫేజుగా మలచును. 25 ఆవృత్తులిచ్చిన మోటారు వేగము సగమగును. వోల్టేజీయు అదే పాళ్లలో తగ్గును. తగ్గనిచో చుట్టలు వేడెక్కి కాలును.

సింగిల్ ఫేజు తీగ మాత్రమేయున్న పల్లె పనివానికి ఇది గొప్ప మేలు. అట్టి తీగతో పనిచేయు డ్రైవు త్రీఫేజు నిచ్చును. కాని వోల్టేజీ 230 మాత్రమే. కనుక మోటారు పేరుపలకపై డెల్టా కలయికకు 230 అని యున్నదో లేదో చూచి, ఉన్నచో అట్లే కలుపవలెను.

తీగలు కలుపుటలో కొన్ని నియమములు తప్పరానివి. వచ్చు కరెంటును డ్రైవు ప్రవేశద్వారమునకే కలుపవలెను. U, V, W అను ద్వారములు మోటారువి. అచ్చట కరెంటు నిచ్చినచో డ్రైవు నశించును. డ్రైవునకు మోటారునకు నడుమ స్విచ్చి పెట్టి నడుమనడుమ తెంపరాదు. నడుపుట, ఆపుట డ్రైవు ఆజ్ఞాద్వారములనుండియే జరుగవలెను. రెండింటికిని ఎర్తు తప్పనిసరి. కరెంటు ఆపిన పిదపకూడ లోని కెపాసిటరులలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచియుండును. కంపెనీవారు చెప్పిన నిమిషములు గడచి, మీటరుతో పరీక్షించినగాని మూత విప్పరాదు. ఇందు అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియను తోడు అవసరము.

ఇక మెట్లకప్పీని పారవేయవచ్చునా? కూడదు. బెల్టుతో వేగము తగ్గించిన త్రిప్పుబలము పెరుగును. డ్రైవుతో తగ్గించిన బలము పెరుగదు. పైగా మోటారు మెల్లగా తిరిగిన దాని పంకాయు మెల్లగా తిరిగి, మోటారు వేడెక్కును. కావున పెద్దమార్పునకు కప్పీని, చిన్నసర్దుబాటునకు డ్రైవును వాడుట విజ్ఞుల పద్ధతి. తాతలనాటి బెల్టు, నిన్నటి డ్రైవు ఒకే యంత్రముపై నేటికిని కలిసి పనిచేయుచున్నవి.