కదిరి దారిన నడిచిన మీటర్‌గేజి గూడ్సు బండి

రైలు బండి నమూనా చేయడం పిల్లల ఆటగా మనలో చాలామంది భావిస్తారు. కొలత తప్పకుండా చేస్తే అదీ ఒక చరిత్ర రచనే అని నా అభిప్రాయం. మన కదిరి లైను విషయంలో మరీ ముఖ్యం.

ధర్మవరం నుండి ముదిగుబ్బ, కదిరి, ములకలచెరువు, మదనపల్లె రోడ్డు, పీలేరుల మీదుగా పాకాల చేరే లైనును 1890ల తొలి సంవత్సరాలలో సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ వారు వేశారు. పట్టాల మధ్య ఎడం సరిగ్గా ఒక మీటరు. పెనుకొండ, హిందూపురాల మీదుగా బెంగుళూరు పోయే లైను కూడా మొదట ఇదే కొలత. అది 1980వ దశకంలో బ్రాడ్‌గేజి అయింది, అంటే 1676 మిల్లీమీటర్లు. మన లైను మారడానికి 2010 దాకా పట్టింది. ఒక గేజి వ్యాగను రెండో గేజి పట్టాలెక్కదు గనుక, ఆ మధ్యకాలంలో ధర్మవరం దగ్గర సరుకు లైను దాటాలంటే మూటమూటా దింపి మళ్లీ ఎత్తవలసిందే. గేజి తేడా అంటే ఏమిటో వేరుశెనగ మూటలు మోసిన హమాలీలను అడగాలి.

ఇక నమూనా సంగతి. ప్రపంచంలో ఎక్కువగా వాడే స్కేలులో అసలు వస్తువు 87వ వంతుకు తగ్గుతుంది. ఆ లెక్కన మన మీటరు సుమారు పదకొండున్నర మిల్లీమీటర్లు. ఇందుకు విదేశాలలో 12 మిల్లీమీటర్ల పట్టా తయారు చేస్తారు. మామూలుగా దొరికేది 16.5 మిల్లీమీటర్లది. అది ఐరోపా, అమెరికాల 1435 మిల్లీమీటర్ల గేజికి లెక్క. దాని మీద మన వ్యాగను నిలబెడితే పట్టా వెడల్పు, బండి సన్నం. మన లైను పోలికే రాదు.

రెండో గుర్తు బఫరు. పాత బ్రాడ్‌గేజి వ్యాగనుకు చివర రెండు పక్కలా రెండు బఫర్లు, నడుమ స్క్రూ కప్లింగు ఉండేవి. మీటర్‌గేజికి నడుమ ఒకటే; తోసేదీ లాగేదీ అదే. ఇది తప్పితే మిగతా పని ఎంత నాజూకుగా ఉన్నా వృథా.

పొడుగు బండి అక్కరలేదు. ఒక వై.జి. ఆవిరి ఇంజను (వై అంటే మీటర్‌గేజి, జి అంటే గూడ్సు), నాలుగైదు మూత వ్యాగన్లు, చివర గార్డు బ్రేకు వ్యాను చాలు. తరువాతి కాలం కావాలంటే వై.డి.ఎం.-4 డీజిలు పెట్టుకోవచ్చు.

ఇంజన్లకు మ్యూజియాలున్నాయి; 1979లో తెరిచిన మైసూరు రైలు మ్యూజియం అలాంటిదే. మూటలు మోసిన వ్యాగనుకు అంత మర్యాద దక్కదు, తుక్కుకు పోతుంది. దాని వివరం తెలిసినవారూ తగ్గిపోతున్నారు. ధర్మవరం, కదిరి గూడ్సు షెడ్లతో పరిచయమున్న సోదర విశ్రాంత ఉద్యోగులకు ఒక మనవి. వ్యాగను తలుపు గొళ్లెం ఎలా ఉండేది, నంబరూ బరువూ ఎక్కడ రాసేవారు, రంగేమిటి, గుర్తున్నంత మేరకు ఒక కాగితం మీద గీసి సంఘ కార్యాలయంలో ఇవ్వగలరు. కొలతలు అడుగులు, అంగుళాలలో ఉన్నా ఫరవాలేదు.