గిటార్ల గోడ మీద ఆడగొంతు: సింఫోనిక్ గోథిక్ మెటల్ పుట్టుపూర్వోత్తరాలు

అబూదాబీ నగరం దాటి లోపలికొస్తే మఫ్రఖ్. సౌదీ సరిహద్దులోని ఘువైఫాత్ దాకా సాగే పెద్దరోడ్డు ఇక్కడే మొదలవుతుంది. పక్కనే ముసఫా పారిశ్రామికవాడ. అక్కడి వర్క్‌షాపుల్లో మనవాళ్లు ఎందరో. ఇటు యాస్ దీవికి కారులో అరగంట దారి. 2011 అక్టోబర్ 25న ఆ దీవిలోని యాస్ అరీనాలో హెవీ మెటల్ బృందం మెటాలికా వాయించింది. అయిదు రోజుల తర్వాత అదే బృందం బెంగళూరులో దిగింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2007 మార్చిలో, ఐరన్ మెయిడెన్ కూడా అలాగే దుబాయ్ డెజర్ట్ రాక్ ఫెస్టివల్లో పాడి, వారం తిరిగేసరికి బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు చేరింది. గల్ఫ్ తెలుగువాళ్లకూ, ఇంటి దగ్గరున్న వాళ్ల తమ్ముళ్లకూ హెవీ మెటల్ ఇలా ఒకే దారిన వచ్చింది.

అయితే ఈ సంగీతంలో మెటాలికాకు బొత్తిగా పోలికలేని పాయ ఒకటుంది. అడుగున నల్లటి మబ్బులా కమ్ముకునే గిటార్లు, వాటి వెనక వయొలిన్లు, బాకాలు, బృందగానం, అన్నిటికీ పైన ఒపెరా శిక్షణ పొందిన స్త్రీ గొంతు. దాన్నే సింఫోనిక్ గోథిక్ మెటల్ అంటారు. కొత్తగా విన్నవాళ్లకు ఇదంతా డబ్బున్న నిర్మాత ఎవరో ఒక్కసారిగా కూర్చిన ఆర్భాటంలా తోస్తుంది. చరిత్ర చూస్తే సంగతి వేరు. గిటారు, ఆర్కెస్ట్రా, ఆడగొంతు, ఈ మూడూ మూడు వేర్వేరు అవసరాల కోసం, వేర్వేరు ఊళ్లలో, చాలావరకు చేతిలో డబ్బులేని కుర్రాళ్ల దగ్గర కలిశాయి. అందులో ఆడగొంతు చుట్టంచూపుగా వచ్చి ఇంటికి పెద్దదిక్కయింది.

ఆర్కెస్ట్రా మీద మోజు

రాక్ వాళ్లకు ఆర్కెస్ట్రా మీద మోజు 1960లలోనే మొదలైంది. మూడీ బ్లూస్ బృందం 1967లో ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’ ఆల్బమ్‌ను ఆర్కెస్ట్రాతో కలిపి చేసింది. 1969 సెప్టెంబర్ 24న డీప్ పర్పుల్ కీబోర్డ్ వాద్యకారుడు జాన్ లార్డ్ రాసిన ‘కన్చెర్టో ఫర్ గ్రూప్ అండ్ ఆర్కెస్ట్రా’ను లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఆ బృందంతో కలిసి రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించింది. నిర్వహణ మాల్కమ్ ఆర్నల్డ్ ది. వినడానికి ఘనంగానే ఉంటుంది కానీ, చాలాచోట్ల బృందం ఒకవైపూ ఆర్కెస్ట్రా మరోవైపూ నిలబడి వంతులవారీగా మాట్లాడుకున్నట్టే ఉంటుంది.

ఆర్కెస్ట్రా ఖర్చు భరించలేనివాళ్లకు మెలొట్రాన్ అనే వాద్యం ఉండేది. మెట్టు నొక్కితే ముందే రికార్డు చేసిన వయొలిన్ల టేపు తిరిగేది. ఒక్కో టేపు ఎనిమిది సెకన్లే. అంతలో మెట్టు వదిలేయాలి. నకలు ఆర్కెస్ట్రా కథ అక్కడ మొదలైంది. తర్వాతి ముప్పయ్యేళ్లూ మెటల్ బృందాలను ఆదుకున్నది ఈ నకలే.

ఇక గిటారు వైపు చూస్తే, బర్మింగ్‌హామ్‌కు చెందిన బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. గిటారిస్టు టోనీ అయోమీ అంతకుముందు రేకుల కర్మాగారంలో పనిచేసేవాడు. ఉద్యోగం మానేసే చివరి రోజే యంత్రం కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతివాటం మనిషి కాబట్టి తీగలు నొక్కేది ఆ కుడిచేతితోనే. కొసలకు తొడుగులు చేసుకుని, పలచని తీగలు కట్టి, తర్వాత్తర్వాత వాటిని సడలించి శ్రుతి కూడా దించాడు. అలా పుట్టిన బరువైన మంద్రనాదమే మెటల్‌కు పునాది అయింది.

చీకటి పాటలో మొదటి ఆడగొంతు

స్విట్జర్లాండ్ జూరిక్ ప్రాంతపు సెల్టిక్ ఫ్రాస్ట్ బృందం 1985లో ‘టు మెగా థెరియాన్’లో ఫ్రెంచ్ హార్న్‌నూ, టింపనీ భేరీలనూ, ఒక స్త్రీ స్వరాన్నీ వాడింది. 1987 నాటి ‘ఇన్‌టు ద పాండెమోనియమ్’లో తంత్రీవాద్యాలు, ఆడగొంతులు ఇంకా పెరిగాయి. అప్పటి అభిమానుల్లో చాలామంది ముఖం చిట్లించారు. కానీ స్వీడన్లో క్రిస్టఫర్ యోన్సన్ అనే కుర్రాడు మాత్రం తన బృందానికి ఆ ఆల్బమ్ పేరులోంచే థెరియాన్ అని పేరు పెట్టుకున్నాడు.

ఇంగ్లండ్ ఉత్తరాన లీడ్స్ నగరంలో సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అనే గోథిక్ రాక్ బృందం ఉండేది. 1987లో వాళ్ల ‘దిస్ కరోషన్’ పాటకు న్యూయార్క్ కోరల్ సొసైటీ నుంచి నలభై మంది గాయకులు పాడారు. ఆ దగ్గర్లోనే ఉన్న హాలిఫాక్స్ నుంచి ప్యారడైజ్ లాస్ట్ బృందం వచ్చింది. వీళ్లకు సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అంటే ఇష్టం. వాయించేదేమో నిదానమైన డెత్ మెటల్. ఈ రెంటినీ కలిపి 1991లో ‘గోథిక్’ అనే ఆల్బమ్ తెచ్చారు. అందులో నిక్ హోమ్స్ గర్జిస్తుంటే, మధ్యమధ్య సారా మారియన్ అనే గాయని గొంతు తేలివస్తుంది. ఆమె బృందంలో సభ్యురాలు కాదు. కొన్ని పాటలకు పిలిపించుకున్న అతిథి. అయినా ఆ కొద్ది చరణాలు విన్న యూరప్ కుర్రకారుకు ఒక దారి కనిపించింది.

చుట్టరికం నుంచి పెత్తనానికి

1993లో నార్వేలోని స్టావెంగర్‌లో థియేటర్ ఆఫ్ ట్రాజెడీ పుట్టింది. రేమండ్ రోహోన్యీ గర్జనకు ఎదురుగా లివ్ క్రిస్టీన్ సన్నని, తేనెలాంటి స్వరం. 1995 నాటి తొలి ఆల్బమ్‌లోనే ఇద్దరూ పాత్రధారుల్లా పాటను పంచుకున్నారు. పాత ఇంగ్లిషు నాటకాల భాషలో రాసుకున్న సంభాషణలవి. మన పద్యనాటకంలో సంవాద పద్యాలు విన్న చెవికి ఈ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది. మృగమూ సుందరీ అన్న ఈ జోడీ తర్వాత పదేళ్లపాటు ఈ సంగీతానికి ఆనవాలైంది.

అదే 1995లో నెదర్లాండ్స్‌లోని ఓస్ పట్టణానికి చెందిన ద గ్యాదరింగ్ ఒకడుగు ముందుకేసింది. ‘మాండీలియన్’ ఆల్బమ్‌లో గర్జనే లేదు. ఆనెకె వాన్ గీర్స్‌బెర్గెన్ ఒక్కతే ఆల్బమ్ అంతా పాడింది. బరువైన మెటల్ ఆల్బమ్‌ను ఒక స్త్రీ గొంతు ఆసాంతం మోయగలదని దీంతో తేలిపోయింది.

మరుసటి ఏడాది థెరియాన్ నుంచి ‘థేలీ’ వచ్చింది. యోన్సన్ జర్మనీ వెళ్లి, బృందగాన గాయకులను స్టూడియోకు రప్పించి, పాటల్లో ప్రధాన గాయకుడి స్థానాన్నే వాళ్లకిచ్చాడు. అంతవరకు మెటల్ పాటకు అలంకారంగా ఉన్న కోరస్ ఇందులో పాటను నడిపింది. అప్పటికి వాయిద్యాల్లో చాలావరకు కీబోర్డు పలికించినవే. 1998లో ‘వోవిన్’ నాటికి నిజమైన తంత్రీవాద్య బృందం చేరింది.

కితే ఊరి కథ

రష్యా సరిహద్దుకు దగ్గరగా, సరస్సుల మధ్య ఉన్న కితే ఫిన్లాండ్‌లో చిన్న ఊరు. 1996 జూలైలో ఒక రాత్రి చలిమంట దగ్గర కూర్చున్న కీబోర్డ్ వాద్యకారుడు టువొమస్ హోలొపైనెన్‌కు బృందం పెట్టాలన్న ఆలోచన వచ్చింది. అతను మొదట అనుకున్నది మెటల్ కాదు. అకూస్టిక్ గిటారు, కీబోర్డు, ఒక ఆడగొంతు, అంతే. అదే ఊరి అమ్మాయి టార్యా టురునెన్ అప్పటికి శాస్త్రీయ గానం నేర్చుకుంటోంది. ఆమెతో నమూనా పాటలు రికార్డు చేసి వింటే, ఆ గొంతు ముందు అకూస్టిక్ గిటారు వెలవెలబోయింది. ఆమెను తగ్గించాలి, లేదా సంగీతాన్ని పెంచాలి. హోలొపైనెన్ రెండోది ఎంచుకున్నాడు. డ్రమ్స్ తెచ్చారు, ఎమ్ప్పు వూరినెన్ ఎలక్ట్రిక్ గిటారు ఎత్తుకున్నాడు. అలా నైట్‌విష్ మెటల్ బృందమైంది. అంటే ఇక్కడ మెటల్‌కు గొంతును జతచేయలేదు. గొంతు బరువు మోయడానికే మెటల్‌ను తెచ్చుకున్నారు. 1997లో ‘ఏంజెల్స్ ఫాల్ ఫస్ట్’, 1998లో ‘ఓషన్‌బార్న్’ వచ్చాయి.

ఈ జోడింపు ఎందుకు అతుకుతుందో కొంచెం చూద్దాం. గిటారుకు డిస్టార్షన్ పెట్టినప్పుడు ఒక్కో తీగ నుంచి అనుస్వరాలు గుంపులుగా లేచి మధ్యస్థాయినంతా ఆక్రమిస్తాయి. మామూలు గొంతు అందులో మునిగిపోతుంది. గర్జన ఒక ఉపాయం: అది శ్రుతిని వదిలేసి తానూ ఒక చప్పుడై గిటార్లతో కలిసిపోతుంది. సొప్రానో, అంటే ఒపెరాలో తారస్థాయి ఆడగొంతు, రెండో ఉపాయం: పైస్థాయిలో నిలబడి, నిండుగా ఊపిరి పోసి, స్వరాన్ని కదిలిస్తూ పాడితే గిటార్ల రొదలోంచి విడిగా వినబడుతుంది. ఒపెరా గాయని మైకు లేకుండా ఆర్కెస్ట్రాను దాటి చివరి వరుస దాకా వినిపించేందుకు ఏళ్ల తరబడి సాధన చేస్తుంది. ఆ సాధనే ఇక్కడ మరో రూపంలో అక్కరకొచ్చింది.

తెలుగు శ్రోతకు తారస్థాయి కొత్తేమీ కాదు. మద్రాసు స్టూడియోల్లో వరుసగా కూర్చున్న వయొలిన్ల మధ్య సుశీల, జానకి పైస్థాయిలో పలికిన పాటలు మనింట్లో రేడియోలో మోగినవే. తేడా గొంతు కట్టులో ఉంది. మన నేపథ్యగాయని మైకుకు దగ్గరగా, సన్నగా, మాట ప్రతి అక్షరం తెలిసేట్టు పాడుతుంది. సొప్రానో అచ్చును పెద్దది చేసి, మాటను కొంత వదులుకుని, నాదాన్ని నిలబెడుతుంది. అందుకే మనవాళ్లలో చాలామందికి తొలిసారి టార్యా పాటలో మాటలు అందవు. రెండోసారికి వాటి అవసరమూ అంతగా కనిపించదు.

డబ్బొచ్చాక వచ్చిన వయొలిన్లు

నెదర్లాండ్స్‌లో షారన్ డెన్ ఆడెల్, రాబర్ట్ వెస్టర్‌హోల్ట్ 1996లో మొదలుపెట్టిన విదిన్ టెంప్టేషన్‌కు 2000లో ‘మదర్ ఎర్త్’తో పేరొచ్చింది. ‘ఐస్ క్వీన్’ పాట డచ్ రేడియోల్లో మారుమోగింది. 2004 నాటి ‘ద సైలెంట్ ఫోర్స్’కు నిజమైన ఆర్కెస్ట్రాను పెట్టుకోగలిగారు. 2008 ఫిబ్రవరిలో రోటర్‌డామ్ ఆహోయ్ అరీనాలో మెట్రోపోల్ ఆర్కెస్ట్రాతో కలిసి కచేరీ చేసి ‘బ్లాక్ సింఫనీ’గా విడుదల చేశారు. ఆఫ్టర్ ఫరెవర్ అనే బృందం నుంచి 2002లో బయటికొచ్చిన మార్క్ యాన్సెన్, సిమోన్ సిమన్స్ గాయనిగా ఎపికాను నిలబెట్టి 2003లో ‘ద ఫాంటమ్ ఎగొనీ’ తెచ్చాడు. ఆ బృందానికి మొదట పెట్టుకున్న పేరు సహారా డస్ట్.

నైట్‌విష్ 2004లో ‘వన్స్’ చేసేనాటికి హోలొపైనెన్ కీబోర్డులో పలికించిన ఆర్కెస్ట్రాను లండన్లో నిజమైన వాద్యకారులు వాయించారు. వాద్యరచన పిప్ విలియమ్స్ ది. అందులోని ‘గోస్ట్ లవ్ స్కోర్’ పది నిమిషాల పాట. ఆర్కెస్ట్రా ఇక్కడ పాటను మోసుకుపోతుంది, మధ్యలో గిటార్లను పక్కకు జరిపి ఒంటరిగా కూడా నడుస్తుంది. 1969లో జాన్ లార్డ్ దగ్గర విడివిడిగా ఉన్న రెండు పక్షాలూ ఇక్కడికి ఒక్కటయ్యాయి.

అట్లాంటిక్‌కు అవతల కథ ఇంకో రకంగా నడిచింది. అమెరికాలోని లిటిల్ రాక్‌కు చెందిన ఎవనెసెన్స్ 2003లో ‘ఫాలెన్’ విడుదల చేసింది. తంత్రీవాద్యాల రచన డేవిడ్ క్యాంప్‌బెల్ ది. ఏమీ లీ పాడిన ‘బ్రింగ్ మి టు లైఫ్’ పాటలో మగగొంతు కూడా ఉండాల్సిందేనని రికార్డు కంపెనీ పట్టుబట్టింది. పన్నెండేళ్ల కిందట హాలిఫాక్స్‌లో మగగొంతు పాటకు ఆడగొంతు అతిథి. ఇక్కడ ఆడగొంతు పాటకు మగగొంతు అతిథి. ఆల్బమ్ కోటికి పైగా అమ్ముడై రెండు గ్రామీలు తెచ్చిపెట్టింది. అటుపైన మగగొంతు కావాలన్న వాదన నిలవలేదు.

పాట ఎవరిది?

2005 అక్టోబర్ 21న హెల్సింకీలోని హార్ట్‌వాల్ అరీనాలో కచేరీ ముగిశాక, నైట్‌విష్ బృందం టార్యాకు ఉత్తరం ఇచ్చి తప్పించింది. ఆ ఉత్తరాన్ని బయటపెట్టింది కూడా. పాటలు రాసేది హోలొపైనెన్, జనం గుర్తుపట్టేది టార్యా గొంతు. ఆల్బమ్ ఎవరిదన్న ప్రశ్న అభిమానులను రెండు ముక్కలు చేసింది. 2007లో ఆనెట్ ఓల్జన్‌తో ‘డార్క్ ప్యాషన్ ప్లే’ తెచ్చారు. ఆర్కెస్ట్రాను లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో రికార్డు చేశారు. అమ్మకాలు బాగున్నా, ప్రతి కచేరీలో పాత గొంతుతో పోలిక తప్పలేదు. ఆనెట్ స్థానంలోకి, ఆఫ్టర్ ఫరెవర్‌లో పాడిన ఫ్లోర్ యాన్సెన్ 2012లో వచ్చింది. మరుసటి ఏడాది వాకెన్ ఉత్సవంలో ఆమె పాడిన ‘గోస్ట్ లవ్ స్కోర్’ వీడియో ఇంటర్నెట్టులో తిరిగి, మెటల్ ముఖం చూడని సంగీతం టీచర్ల చేత కూడా మెచ్చుకోలు పొందింది.

ఈ సంగీతానికి అరబ్బు గాలి కూడా తగిలింది. ‘వన్స్’లోని ‘ద సైరన్’లో, ఎపికా పాటల్లో తూర్పు దేశాల స్వరాలు వినిపిస్తాయి. ట్యునీషియా బృందం మిరాథ్ అరబ్బు తంత్రీవాద్యాలనే మెటల్‌లోకి తెచ్చింది. దుబాయ్‌లో 2000లో పుట్టిన నెర్వ్‌సెల్ డెత్ మెటల్ దారి పట్టింది, ఈ దారి కాదు. అయితే అదే దుబాయ్‌లో ఎక్స్‌పో 2020 కోసం ఏ.ఆర్. రెహమాన్ మార్గదర్శకత్వంలో అందరూ స్త్రీలే వాయించే ఫిర్దౌస్ ఆర్కెస్ట్రా మొదలైంది. మఫ్రఖ్ నుంచి చూస్తే గిటారూ దగ్గరే, ఆర్కెస్ట్రా కూడా దగ్గరే.

ఇప్పుడు లాప్‌టాప్‌లో నిజమైన వాద్యకారుల స్వరాలన్నీ నింపిన సాఫ్ట్‌వేర్ దొరుకుతోంది. చిన్న గదిలో కూర్చుని ఒక్కడే ఎనభై మంది ఆర్కెస్ట్రాను పలికించవచ్చు. మెలొట్రాన్ నుంచి కీబోర్డుకు, కీబోర్డు నుంచి ఆబీ రోడ్‌కు వెళ్లిన ప్రయాణం మళ్లీ నకలు దగ్గరకే వచ్చింది. ఇన్నేళ్లలో ఈ బృందాలు నకలుతో సరిపెట్టుకోనిది ఒక్క గాయని గొంతునే. డబ్బులేని రోజుల్లోనూ ఆమెను వెతికే తెచ్చుకున్నారు, ఆమె వెళ్లిపోయిన రోజున బృందమే తడబడింది.

కొత్తగా వినేవాళ్లు ‘గోథిక్’తో మొదలుపెట్టి, ‘మాండీలియన్’, ‘థేలీ’, ‘ఓషన్‌బార్న్’ మీదుగా ‘వన్స్’కు రావచ్చు. ప్రతి ఆల్బమ్‌లోనూ ఆడగొంతు ఎంతసేపు వినిపిస్తుందో గమనిస్తూ పోతే, ఈ చరిత్రంతా చెవికే తెలిసిపోతుంది.