కూల్చింది కలగూరగంప కాదు

1996 వేసవిలో జరిగిన లోక్‌సభ ఎన్నికలు దేశానికి రెండేళ్లలోపే ముగ్గురు ప్రధానులను చూపించాయి. వాజపేయి పదమూడు రోజులున్నారు. దేవెగౌడ ఏడాది కూడా నిండకుండానే దిగిపోయారు. గుజ్రాల్ కూడా ఏడాది పూర్తి చేయలేదు, అందులోనూ చివరి నెలలు ఆపద్ధర్మంగా గడిచినవే. ఆ కాలాన్ని తలచుకుంటే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: పదమూడు పార్టీల కలగూరగంప, అది నిలవకపోవడంలో వింతేముంది? పార్టీలు ఎక్కువైతే ప్రభుత్వం కూలుతుందన్న నమ్మకం ఆనాటి నుంచి మన రాజకీయ చర్చల్లో పాతుకుపోయింది. అయితే యునైటెడ్ ఫ్రంట్ చరిత్రను తేదీల వారీగా చూస్తే ఆ నమ్మకానికి ఆధారం దొరకదు. ఆ ప్రభుత్వాన్ని రెండుసార్లు పడగొట్టింది లోపలి పార్టీలు కావు. గడప బయట నిలబడి మద్దతిచ్చిన పార్టీ, అదీ తానే ఆ కుర్చీ ఎక్కాలని చూస్తున్న పార్టీ.

ఫలితాలు ఎవరికీ అధికారం కట్టబెట్టలేదు. మొత్తం 543 స్థానాల్లో బీజేపీకి 161, కాంగ్రెస్‌కు 140, జనతాదళ్‌కు 46 వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో కాంగ్రెస్ 22 గెలిస్తే, ఎన్టీఆర్ మరణించిన కొన్ని నెలలకే ఎన్నికలకు వెళ్లిన చంద్రబాబు నాయకత్వంలోని తెలుగుదేశం 16 దక్కించుకుంది. పీవీ నరసింహారావు నంద్యాలలోనూ, ఒడిశాలోని బరంపురంలోనూ తాను గెలిచారు కానీ పార్టీని గెలిపించలేకపోయారు. పెద్ద పార్టీ నాయకుడిగా వాజపేయిని రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ పిలిచారు. బలం కూడక, ఓటింగ్ దాకా పోకుండానే మే 28న ఆయన రాజీనామా చేశారు. ఇక మిగిలింది బీజేపీ, కాంగ్రెస్‌లు కాని పార్టీల కూటమి. వీపీ సింగ్ వద్దన్నారు. జ్యోతిబసు పేరు వస్తే ఆయన పార్టీ కేంద్ర కమిటీయే ఒప్పుకోలేదు. ఆ నిర్ణయాన్ని బసు తర్వాత చారిత్రక తప్పిదం అన్నారు. చివరికి కర్ణాటక ముఖ్యమంత్రిగా ఉన్న దేవెగౌడ జూన్ 1న ప్రమాణం చేశారు. కూటమి కన్వీనర్ చంద్రబాబు. ఢిల్లీలో ఆంధ్రా భవన్ కూటమి మంతనాలకు కేంద్రమైంది. మన పత్రికలు ‘ఢిల్లీలో చక్రం తిప్పడం’ అన్న మాటను అరిగిపోయేదాకా వాడింది ఆ రోజుల్లోనే.

లోపల గొడవల్లేవా అంటే, కావలసినన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ముదిరింది ఆలమట్టి. కృష్ణపై కర్ణాటక కడుతున్న ఆ డ్యామ్ ఎత్తు 524 మీటర్లకు పోతే కింద ఉన్న తమ ఆయకట్టు ఎండిపోతుందని ఆంధ్రప్రదేశ్ ఆందోళన. 519 మీటర్లు దాటకూడదని పట్టు. ప్రధాని నిన్నటిదాకా కర్ణాటక ముఖ్యమంత్రి, కూటమి కన్వీనర్ ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. తగవు ఆ ఇద్దరి మధ్యే. కృష్ణా జలాల కన్నా సున్నితమైన విషయం ఈ రెండు రాష్ట్రాల మధ్య ఇంకొకటి లేదు. అయినా వ్యవహారాన్ని కూటమిలోని ఇతర ముఖ్యమంత్రులకూ, ఆపైన నిపుణులకూ అప్పగించి నెట్టుకొచ్చారు. ప్రభుత్వం మాత్రం పడలేదు. 1997 జులైలో దాణా కేసు వేడికి జనతాదళ్ చీలి, లాలూ ప్రసాద్ రాష్ట్రీయ జనతాదళ్ పెట్టుకున్నారు. ప్రధాని సొంత పార్టీయే రెండు ముక్కలైనా గుజ్రాల్ ప్రభుత్వానికి అప్పుడు ఏమీ కాలేదు. ఈ కీచులాటల నడుమే బంగ్లాదేశ్‌తో ముప్పై ఏళ్ల గంగా జలాల ఒప్పందం కుదిరింది. ఆదాయపు పన్నును 10, 20, 30 శాతాలకు తెచ్చిన చిదంబరం బడ్జెట్ వచ్చింది. కమ్యూనిస్టు ఇంద్రజిత్ గుప్తా హోంమంత్రి అయ్యారు. జైపాల్ రెడ్డి సమాచార మంత్రిగా ఉండగా ప్రసార భారతి చట్టం అమల్లోకి వచ్చింది. పని చేయలేని ప్రభుత్వమన్న నింద దీనికి అతకదు.

మరి పడింది ఎప్పుడు? 1997 మార్చి 30న కాంగ్రెస్ అధ్యక్షుడు సీతారాం కేసరి మద్దతు ఉపసంహరించుకున్నప్పుడు. విధానంలో తేడా వచ్చి కాదు. ప్రధాని మనిషి మారితే చాలన్నారు, మారగానే అదే కూటమికి మళ్లీ మద్దతిచ్చారు. నవంబరులో, రాజీవ్ గాంధీ హత్యపై విచారణ జరిపిన జైన్ కమిషన్ నివేదిక బయటికి పొక్కింది. దాన్ని పట్టుకుని కాంగ్రెస్ నేతలు డీఎంకే మంత్రులను తీసేయమన్నారు. కూటమి ససేమిరా అన్నది. 28న రెండోసారి మద్దతు పోయింది. గమనించండి, ఆ రోజు పదమూడు పార్టీలూ ఒక భాగస్వామిని వదులుకోవడం కన్నా ప్రభుత్వాన్ని వదులుకోవడానికే సిద్ధపడ్డాయి. కలగూరగంప అని ఎగతాళి చేసినవారు ఆ కట్టుబాటును లెక్కలోకి తీసుకోలేదు. కాంగ్రెస్‌కు ఇది కొత్త విద్యా కాదు. 1979లో చరణ్ సింగ్ పార్లమెంటు ముఖం చూడకముందే ఆయన కాళ్ల కింద చాప లాగింది. 1991 మార్చిలో, రాజీవ్ ఇంటిదగ్గర హర్యానా కానిస్టేబుళ్లు నిఘా వేశారన్న ఆరోపణ మీద చంద్రశేఖర్‌ను దించింది. 1990లో వీపీ సింగ్ విషయంలో బీజేపీ చేసిందీ ఇదే.

దీనికి గట్టి అభ్యంతరం మన ఇంటినుంచే వస్తుంది. 1999లో 29 స్థానాలు గెలిచిన తెలుగుదేశం, ఒక్క మంత్రి పదవీ తీసుకోకుండా వాజపేయికి 2004 దాకా బయటి నుంచే మద్దతిచ్చింది. ఆ పార్టీ నేత బాలయోగి లోక్‌సభ స్పీకర్‌గా ఉన్నారు. బయటి మద్దతే రోగమైతే ఆ ప్రభుత్వం ఎలా బతికింది? 2004లో వామపక్షాలు కూడా బయటే ఉండి నాలుగేళ్లు మన్మోహన్ సింగ్‌ను నిలబెట్టాయి కదా? అందుకే నా వాదనలో రెండో సగం ముఖ్యం. తెలుగుదేశానికి ప్రధాని పదవి మీద ఆశ లేదు, వామపక్షాలకు దానికి సరిపడే బలం లేదు. వాటికి కావలసింది రాష్ట్రానికి నిధులో, విధానాల మీద పట్టో. 140 మంది సభ్యులున్న కాంగ్రెస్ పరిస్థితి వేరు. తాను మద్దతిచ్చే ప్రభుత్వం బాగా పనిచేస్తే నష్టపోయేది తానే. 1999 ఏప్రిల్‌లో మంత్రివర్గంలో ఉన్న అన్నాడీఎంకే బయటికి పోయి, వాజపేయి ఒక్క ఓటుతో ఓడిన మాట నిజమే. లోపలివాళ్లు ఎప్పుడూ కూల్చరని నేననడం లేదు. ఆ ఏడాదే ఇంకా ఎక్కువ పార్టీలతో వచ్చిన అదే కూటమి 2004 ఎన్నికల దాకా నిలిచిందన్నది మాత్రం మరిచిపోకూడదు.

ఆనాటి పాఠాన్ని కాంగ్రెస్, బీజేపీలు రెండూ నేర్చుకున్నట్టే ఉన్నాయి. 1998 తర్వాత కేంద్రంలో ఏర్పడిన ప్రతి సంకీర్ణానికీ ఈ రెండింటిలో ఒకటి లోపల ఉండే నాయకత్వం వహించింది. ఒకటి బయట కూర్చుని మూడోవారిని గద్దెనెక్కించే ఏర్పాటు మళ్లీ రాలేదు. 2024లో బీజేపీ 240 దగ్గర ఆగినప్పుడు తెలుగుదేశానికి వచ్చినవి 1996లో లాగే 16 స్థానాలు. ఈసారి ఆ పార్టీ మంత్రివర్గంలో చేరింది. యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వంలో మంత్రిగా పనిచేసిన ఎర్రన్నాయుడు కొడుకు రామ్మోహన్ నాయుడు పౌర విమానయాన మంత్రి అయ్యారు.