తపాలు, టపా

అమలాపురం కలెక్టరేట్‌లో అయినా, రాజోలు తహసీల్దారు ఆఫీసులో అయినా వచ్చిపడే కాగితాలను ఇప్పటికీ ‘తపాల్’ అనే అంటారు. ఆఫీసరు ఒక్కో కాగితం చూసి, అది ఏ సెక్షన్‌కు వెళ్లాలో పైన ఓ అక్షరం గీకి పొట్టి సంతకం పెడతారు.

ఈ మాట పుట్టుక ఇంకా తేలలేదు. హిందీ, మరాఠీల్లో ‘టప్పా’ అంటే మజిలీ. సి.పి. బ్రౌన్ మాత్రం ఫ్రెంచి ‘ఎతాప్’ (అదీ మజిలీయే) వైపు చూశాడు. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం ఏటి అవతలే కదా, కోనసీమవాళ్లకు ఈ ఊహ ముద్దుగానే ఉంటుంది. నాకైతే ‘టప్పా’ మీదే గురి. బ్రౌన్ చెప్పిన ఇంకో సంగతి మరీ బాగుంటుంది: మన గుమాస్తాలు ‘తప్పాలు’లో ‘లు’ను బహువచనం అనుకుని, దాన్ని కోసేసి ‘తప్పా’ అని రాసేవారట!

ఇప్పుడు మన తపాల్ ఈమెయిలే. ఆఫీసరు కాగితం మీద గీకే అక్షరంలాగా, 2004 ఏప్రిల్ 1న వచ్చిన జీమెయిల్ ఫోల్డర్ల బదులు లేబుళ్లు పెట్టింది. ఒకే మెయిల్‌కు ఎన్నైనా తగిలించొచ్చు. మస్కట్ నుంచి అబ్బాయి పంపిన వీసా కాపీకి ‘గల్ఫ్’, ‘వీసా’ రెండూ పెట్టుకోవచ్చు. అదీ చేయలేదా? సెర్చ్ పెట్టె చివరి గుర్తు నొక్కి పంపినవారి పేరు, తేదీ ఇచ్చి, అటాచ్‌మెంట్ ఉన్నవే చూపమనాలి. ఆర్కైవ్ చేసినవి ఇన్‌బాక్స్‌లో కనబడవు గానీ ‘ఆల్ మెయిల్’లో భద్రం. టపా కట్టేది డిలీట్ చేసినవే, అదీ ట్రాష్‌లో 30 రోజులు కొట్టుమిట్టాడాక.