రౌలీ: రైలు కట్టిన ఊరు

క్యాల్గరీలో ఉంటూ పిల్లలకి డ్రమ్‌హెల్లర్ డైనోసార్ మ్యూజియం చూపించని తెలుగు కుటుంబం ఉండదేమో. ఈసారి మేం ఇంకాస్త ఉత్తరానికి పోయి రౌలీ అనే ఊరు కూడా చూసొచ్చాం.

మన ఊళ్ళలా ఇక్కడివి ఏటి ఒడ్డునో చెరువు గట్టునో పుట్టలేదు, రైలు పట్టాల వెంట పుట్టాయి. రైతు గుర్రబ్బండి మీద గోధుమలు తోలుకొచ్చి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. అందుకే పది పదిహేను కిలోమీటర్లకో స్టేషన్, పక్కనే ధాన్యం నిల్వచేసి వ్యాగన్లకెక్కించే ఎత్తైన చెక్క ఎలివేటర్లు. 1933లో కెనడా ప్రెయిరీల్లో ఇవి 5,700 పైనే ఉండేవి. కెనడియన్ నార్తర్న్ రైల్వే దారిలో వెలిసిన రౌలీలో 1920లలో దాదాపు 500 మంది జనాభా.

తర్వాత లారీలు, మంచి రోడ్లు వచ్చాయి. ధాన్యం దూరంగా ఉన్న పెద్ద టెర్మినళ్ళకి మళ్ళింది. 1897 నాటి 'క్రో' ఒప్పందంతో మొదలైన చౌక రైలు రేట్లు 1995లో ఆగిపోయాయి. చిన్న లైన్లు గిట్టుబాటు కాలేదు. రౌలీకి రైలు రావడం మానేసింది.

ఇప్పుడక్కడ ఉండేది పదిమంది లోపే. అయినా ఊరిని వదిలెయ్యలేదు. స్టేషన్ని మ్యూజియం చేశారు. 1989 నాటి 'బై బై బ్లూస్' సినిమా ఇక్కడ తీశారు. నెలాఖరు శనివారం పిజ్జాలు అమ్మి, ఆ డబ్బుతో పాత కట్టడాలు బాగుచేసుకుంటున్నారు.

స్టేషన్ ముందు నిలబడి మా పాప "రైలేదమ్మా?" అనడిగింది. జవాబుకి ఇంత కథ చెప్పాల్సొచ్చింది. మీరూ వెళ్తే శనివారం చూసుకుని వెళ్ళండి. ఓ పిజ్జా కొంటే ఓ చెక్క నిలబడుతుంది.