ఇంటి ఐపీటీవీకి నెట్‌వర్క్ స్విచ్: ఎంపికలో వేగం కంటే ముందు చూడవలసినవి

టెలివిజన్ చానళ్లు ఇంటర్నెట్ తీగ మీదుగా ఇంటికి చేరడం తెలుగువారికి కొత్త విషయం కాదు. 2017 డిసెంబర్ 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, నెలకు 149 రూపాయల ప్రారంభ ధరతో ఇంటర్నెట్, టెలిఫోన్, టెలివిజన్ మూడింటినీ ఒకే ఫైబర్ మీద అందించింది. ఐపీటీవీగా పిలిచే ఈ తరహా సేవలకు కేంద్ర ప్రభుత్వం 2008లోనే మార్గదర్శకాలను విడుదల చేసింది.

ఇంట్లో ఒకే టీవీ ఉన్నంతకాలం ఈ సేవతో పెద్దగా ఇబ్బంది ఉండదు. పడకగదిలో రెండో టీవీ, పై అంతస్తులో మూడో టీవీ వచ్చాక రౌటర్‌లోని పోర్టులు చాలవు. అప్పుడు చాలామంది దుకాణంలో దొరికే చిన్న నెట్‌వర్క్ స్విచ్‌ను తెచ్చి తగిలిస్తారు. తరువాత కొన్ని ఇళ్లలో వై-ఫై మందగిస్తుంది, పిల్లల ఆన్‌లైన్ తరగతులు తెగిపోతాయి, టీవీలో బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. లోపం ఇంటర్నెట్ వేగంలో ఉందని భావించి ఎక్కువ ధర పథకానికి మారేవారూ ఉంటారు. అయితే కారణం గోడకు తగిలించిన స్విచ్ అయినప్పుడు నెలనెలా ఎంత అదనంగా చెల్లించినా ఫలితం ఉండదు.

మల్టీకాస్ట్ అంటే ఏమిటి?

నెట్‌వర్క్‌లో సమాచారాన్ని పంపే పద్ధతులు ప్రధానంగా మూడు. ఒకరికి మాత్రమే ఉత్తరం రాసినట్టు పంపడం యూనికాస్ట్. ఊరంతటికీ దండోరా వేసినట్టు అందరికీ పంపడం బ్రాడ్‌కాస్ట్. చందా కట్టిన ఇళ్లకు మాత్రమే పత్రిక వేసినట్టు, కోరినవారికి మాత్రమే చేర్చడం మల్టీకాస్ట్.

యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ వంటి సేవలు యూనికాస్ట్‌పై నడుస్తాయి. ఒకే కార్యక్రమాన్ని వెయ్యిమంది చూస్తుంటే వెయ్యి ప్రతులు వేర్వేరుగా ప్రయాణిస్తాయి. మల్టీకాస్ట్‌లో ఒక్కో మార్గంలో ఒక్కో చానల్‌కు ఒకే ప్రతి వెళ్తుంది. దారులు చీలే చోట మాత్రమే దాని నకలు తయారవుతుంది. అందువల్ల సొంత నెట్‌వర్క్ ఉన్న సంస్థలు ప్రత్యక్ష చానళ్లను చందాదారులకు పంపడానికి సాధారణంగా ఈ పద్ధతిని ఎంచుకుంటాయి.

ఈ విధానానికి మూలమైన ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 1112 పేరుతో 1989 ఆగస్టులో వెలువడింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన స్టీవ్ డీరింగ్ దాని రచయిత. 224.0.0.0 నుంచి 239.255.255.255 వరకు ఉన్న చిరునామాలను మల్టీకాస్ట్‌కు కేటాయించారు. ఈ చిరునామా ఏ ఒక్క యంత్రానిదీ కాదు, ఒక బృందానిది. ఒక్కో చానల్‌ను ఒక్కో బృందంగా భావించవచ్చు. వీక్షకుడు చానల్ మార్చినప్పుడు సెట్‌టాప్ బాక్స్ పాత బృందం నుంచి వైదొలిగి కొత్త బృందంలో చేరుతుంది. ఈ చేరికలకు, వైదొలగడాలకు వాడే సందేశాల భాషే ఐజీఎంపీ. దాని రెండో రూపం 1997లో, మూడో రూపం 2002లో వచ్చాయి.

సాధారణ స్విచ్ ఎక్కడ తడబడుతుంది?

ఏ యంత్రం ఏ పోర్టుకు అనుసంధానమై ఉందో స్విచ్ గమనిస్తూ ఒక పట్టికలో రాసుకుంటుంది. ఆ యంత్రానికి వచ్చిన సమాచారాన్ని ఆ పోర్టుకే పంపుతుంది. మల్టీకాస్ట్ చిరునామా ఏ ఒక్క యంత్రానిదీ కానందున అది ఈ పట్టికలోకి ఎక్కదు. దాంతో సాధారణ స్విచ్ ఆ ప్రవాహాన్ని అన్ని పోర్టులకూ పంపేస్తుంది. పత్రికను చందాదారుల ఇళ్లకు వేయవలసిన కుర్రవాడు వీధిలోని ప్రతి గుమ్మంలోనూ పడేసి వెళ్లినట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

ఒక హెచ్‌డీ చానల్‌కు సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున లెక్కిస్తే, మూడు టీవీల్లో మూడు చానళ్లు నడిచేటప్పుడు 24 మెగాబిట్ల ప్రవాహం ప్రతి పోర్టుకూ చేరుతుంది. వెయ్యి మెగాబిట్ల గిగాబిట్ పోర్టుకు ఇది లెక్కలోనిది కాదు. వంద మెగాబిట్ల పోర్టు ఉన్న పాత యంత్రానికి నాలుగో వంతు దారి మూసుకుపోతుంది. అయినా తీగ మీద కలిగే నష్టం భరించదగినదే.

అసలు దెబ్బ వై-ఫైకి

ఆ స్విచ్‌కు వై-ఫై యాక్సెస్ పాయింట్ కూడా తగిలించి ఉన్నప్పుడు పరిస్థితి మారిపోతుంది. ఒక ఫోన్‌కు ఉద్దేశించిన సమాచారాన్ని వై-ఫై ఆ ఫోన్ అందుకోగల వేగంతో పంపుతుంది, అందినట్టు రశీదు తీసుకుంటుంది, అందకపోతే మళ్లీ పంపుతుంది. మల్టీకాస్ట్ విషయంలో రశీదు ఉండదు. దూరంగా ఉన్న బలహీనమైన పరికరానికి కూడా వినబడాలి కనుక సాధారణంగా కనిష్ఠ స్థాయి వేగంతో పంపుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఆ కనిష్ఠ వేగం సెకనుకు 1 మెగాబిట్, 5 గిగాహెర్ట్జ్ పట్టీలో 6 మెగాబిట్లు.

ఎనిమిది మెగాబిట్ల చానల్‌ను ఆరు మెగాబిట్ల దారిలో పంపవలసి వస్తే ఆ దారి పూర్తిగా నిండిపోతుంది. ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు మాట్లాడే వ్యవధి మిగలదు. తీగ ద్వారా అనుసంధానమైన టీవీలో బొమ్మ చక్కగా వస్తూ, అదే సమయంలో ఇంటి వై-ఫై స్తంభించడం వెనుక ఉన్న రహస్యం ఇదే. చాలా యాక్సెస్ పాయింట్లలో మల్టీకాస్ట్‌ను యూనికాస్ట్‌గా మార్చి పంపే సదుపాయం ఉంటుంది. అది కొంత ఉపశమనం ఇస్తుంది. ఎవరూ కోరని ప్రవాహం యాక్సెస్ పాయింట్ దాకా రాకుండా స్విచ్ వద్దే ఆపడం మాత్రమే సరైన పరిష్కారం.

పొంచి వినే స్విచ్

ఆ పని చేసే గుణాన్ని ఐజీఎంపీ స్నూపింగ్ అంటారు. స్నూపింగ్ అంటే పొంచి వినడం. సెట్‌టాప్ బాక్స్ రౌటర్‌కు పంపే చేరిక సందేశాన్ని మధ్యలో ఉన్న స్విచ్ వింటుంది. ఏ పోర్టు నుంచి ఏ బృందం కోసం అభ్యర్థన వచ్చిందో నమోదు చేసుకుని, ఆ చానల్‌ను ఆ పోర్టుకే పంపుతుంది. స్విచ్‌లు ఈ పనిని ఎలా చేయాలో వివరించే ఆర్ఎఫ్‌సీ 4541 పత్రం 2006లో వచ్చింది.

మార్కెట్‌లోని స్విచ్‌లను స్థూలంగా మూడు రకాలుగా విభజించవచ్చు. ఎలాంటి అమరికలూ లేని సాధారణ స్విచ్‌లు మొదటి రకం. వీటిలో కొన్ని మాత్రమే స్నూపింగ్ చేస్తాయి. వెబ్ పేజీ ద్వారా కొన్ని అమరికలు మార్చుకోగల స్మార్ట్ స్విచ్‌లు రెండో రకం. కార్యాలయాల కోసం తయారైన పూర్తిస్థాయి మేనేజ్డ్ స్విచ్‌లు మూడో రకం. ఇంటి అవసరాలకు ఎక్కువగా రెండో రకమే సరిపోతుంది.

అడిగేవారు లేకపోతే ఆగిపోయే బొమ్మ

స్నూపింగ్ ఉన్న స్విచ్ కొన్నా కొందరికి మరో విచిత్రమైన సమస్య ఎదురవుతుంది. చానల్ పెట్టగానే బొమ్మ వస్తుంది, నాలుగైదు నిమిషాల్లో నిలిచిపోతుంది. చానల్ మార్చి మళ్లీ పెడితే తిరిగి వస్తుంది. దీనికి కారణం క్వెరియర్ లేకపోవడం.

ఎవరు ఏ బృందంలో కొనసాగుతున్నారో క్రమం తప్పకుండా విచారించే యంత్రాన్ని క్వెరియర్ అంటారు. ప్రామాణిక విలువల ప్రకారం అది 125 సెకన్లకు ఒకసారి ప్రశ్న పంపుతుంది. సెట్‌టాప్ బాక్స్‌లు 10 సెకన్లలోగా బదులిస్తాయి. రెండు విడతల ప్రశ్నలకు, ఆపై పది సెకన్లకు కలిపి 260 సెకన్ల పాటు, అంటే 4 నిమిషాల 20 సెకన్ల పాటు ఏ బదులూ వినబడకపోతే, ఆ పోర్టులో చూసేవారు లేరని స్విచ్ నిర్ధారించుకుని ప్రసారాన్ని ఆపేస్తుంది. ప్రశ్నే రానప్పుడు బదులు వచ్చే అవకాశం లేదు. చూస్తున్న టీవీకి ప్రసారం తెగిపోవడం ఇందువల్లే.

సాధారణంగా ఈ బాధ్యత రౌటర్‌ది. ఐపీటీవీ సంస్థ ఇచ్చిన రౌటర్‌లో ఐజీఎంపీ ప్రాక్సీ పనిచేస్తుంటే ఇంట్లోని పరికరాలను అదే విచారిస్తుంది. సొంత రౌటర్ పెట్టుకున్నవారు ఆ సదుపాయం అందులో ఉందో లేదో ముందుగా చూసుకోవాలి. డిష్ లేదా యాంటెన్నా నుంచి వచ్చే ప్రసారాన్ని ఇంట్లోనే మల్టీకాస్ట్‌గా మార్చుకునేవారికి రౌటర్ నుంచి ప్రశ్న వస్తుందన్న భరోసా లేదు. వారికి క్వెరియర్ సదుపాయం స్విచ్‌లోనే ఉండాలి. స్నూపింగ్ ఉన్న ప్రతి స్విచ్‌లోనూ క్వెరియర్ ఉండదన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

కొనే ముందు సరిచూడవలసినవి

ఐజీఎంపీ రూపం: సెట్‌టాప్ బాక్స్ రెండో రూపాన్ని వాడుతుందో, మూడో రూపాన్ని వాడుతుందో సేవా సంస్థను అడిగి తెలుసుకోవాలి. రెండింటినీ అర్థం చేసుకునే స్విచ్ తీసుకోవడం క్షేమం.

వీలాన్ సదుపాయం: కొన్ని సంస్థలు టీవీ ప్రసారాన్ని ఇంటర్నెట్ నుంచి విడదీసి ప్రత్యేక వీలాన్‌లో పంపుతాయి. ఒకే తీగ మీద రెండింటినీ మరో గదికి తీసుకువెళ్లాలంటే 802.1క్యూ ప్రమాణాన్ని పాటించే స్విచ్‌లు ఆ తీగకు రెండు చివరలా అవసరమవుతాయి.

ఫాస్ట్ లీవ్: చానల్ మార్చగానే పాత ప్రవాహాన్ని తక్షణం ఆపే అమరిక ఇది. ఒక పోర్టుకు ఒకే సెట్‌టాప్ బాక్స్ ఉంటే దీనివల్ల మేలు జరుగుతుంది. ఆ పోర్టు వెనుక మరో స్విచ్, దానికి రెండు బాక్స్‌లు ఉంటే మాత్రం వాడకూడదు. ఇద్దరూ ఒకే చానల్ చూస్తున్నప్పుడు ఒకరు మార్చగానే రెండోవారికీ ప్రసారం ఆగిపోతుంది.

తెలియని మల్టీకాస్ట్‌ను నిరోధించే అమరిక: దీన్ని ఆలోచించకుండా ఆన్ చేయకూడదు. ప్రింటర్లు, ఫోన్ నుంచి టీవీకి బొమ్మ పంపే పరికరాలు ఒకదానినొకటి గుర్తించడానికి కూడా మల్టీకాస్ట్‌నే వాడతాయి. 224.0.0 తో మొదలయ్యే చిరునామాల సందేశాలను స్విచ్ అన్ని పోర్టులకూ పంపాలని ఆర్ఎఫ్‌సీ 4541 సూచిస్తోంది. మిగిలిన వాటిని నిరోధిస్తే కొన్ని పరికరాలు కనిపించకుండా పోవచ్చు.

అమరికల భద్రత: కొన్ని మేనేజ్డ్ స్విచ్‌లలో మార్పులను ప్రత్యేకంగా భద్రపరచకపోతే కరెంటు పోగానే చెరిగిపోతాయి. సేవ్ చేశాక ఒకసారి స్విచ్‌ను ఆపి తిరిగి వెలిగించి చూడడం మంచిది.

వేగం, పోర్టుల సంఖ్య: కొత్తగా కొనేటప్పుడు గిగాబిట్ పోర్టులనే ఎంచుకోవాలి. ప్రస్తుత అవసరానికి ఒకటి రెండు పోర్టులు అదనంగా ఉంటే సరిపోతుంది. అయితే వేగం ఎంత ఉన్నా అది స్నూపింగ్‌కు ప్రత్యామ్నాయం కాదు.

ఏ ఇంటికి ఏది?

యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ వంటి సేవలు మాత్రమే చూసే ఇంటికి ఈ ఖర్చు అనవసరం. వారికి సాధారణ గిగాబిట్ స్విచ్ చాలు. ఐపీటీవీ ఉన్నా, ఒకే సెట్‌టాప్ బాక్స్ నేరుగా రౌటర్‌కు తగిలించి ఉంటే స్విచ్ అవసరమే రాదు. స్విచ్‌కు సెట్‌టాప్ బాక్స్‌తో పాటు యాక్సెస్ పాయింట్ లేదా కంప్యూటర్లు కూడా అనుసంధానమైన ఇంటికి స్నూపింగ్ ఉన్న స్మార్ట్ స్విచ్ తగినది. ప్రసారం ఇంట్లోనే పుడుతుంటే స్నూపింగ్‌తో పాటు క్వెరియర్ కూడా ఉన్నదే తీసుకోవాలి.

కొత్తది కొనే ముందు ఇంట్లో ఉన్న స్విచ్‌ను పరీక్షించడం సులభం. ఒక టీవీలో ప్రత్యక్ష చానల్ పెట్టి, మిగిలిన పరికరాలను వాడకుండా ఉంచి, స్విచ్ మీది దీపాలను గమనించాలి. ప్రసారం వచ్చే పోర్టు, టీవీ పోర్టు మాత్రమే వేగంగా మినుకుతుంటే స్విచ్ తన పని తాను చేస్తున్నట్టే. ఖాళీగా ఉన్న కంప్యూటర్ పోర్టు, ప్రింటర్ పోర్టు కూడా అదే జోరుతో మినుకుతూ, చానల్ ఆపగానే నెమ్మదిస్తే, అడగనివారికీ ప్రసారం చేరుతున్నట్టు అర్థం. అలాంటి ఇంటికి కావలసింది పెద్ద ఇంటర్నెట్ పథకం కాదు, వినగలిగే స్విచ్.